మాట పడిపోయిన తొట్టి

మామగారు ఆసిడ్ తొట్టి మీదికి వంగి, కుడిచెవి అటు పెట్టి, కళ్ళు మూసుకుని ఉన్నారు. పోయిన వారం మనం ఆయన్ని వదిలిపెట్టింది ఆ భంగిమలోనే. పాపం, వారం రోజులుగా నడుం వంచే ఉన్నారనుకోకండి. మనకి వారం గడిచింది గానీ ఆ షెడ్డులో ఒక్క నిట్టూర్పంత సేపే గడిచింది.

ఇవాళే కథలోకి తొంగిచూస్తున్నవాళ్ళ కోసం కాస్త చెప్పాలి. ఇది ఇనుప సామాన్లకి తుప్పు వదలగొట్టే షెడ్డు. తుప్పు పట్టినవి ఆసిడ్‌లో ముంచుతారు, తేరిపోయాక కడిగి పక్క షెడ్డుకి పంపుతారు. అక్కడ కరిగిన జింకులో ముంచి పూత వేస్తారు. ఇప్పుడు చేతిలో ఉన్న పని పిల్లల పార్కులకి ఊయల గొలుసులు. పోయిన విడత గొలుసులు ఆసిడ్‌లో తుప్పుతోపాటు ఒళ్ళు కూడా పోగొట్టుకుని చిక్కిపోయాయి. గొలుసుల లావు కొలిచి చూడటానికి తనిఖీకొచ్చే గేజు మేడం వాటిని తిప్పికొట్టింది. "వీటిమీద ఊగేది పిల్లలండీ. ఈసారి కూడా ఇలాగే ఉంటే పార్కుల పని ఇంకో షెడ్డుకి ఇచ్చేస్తాను" అని చెప్పి మరీ వెళ్ళింది. ఆ పని పోతే ఈ షెడ్డుకి మిగిలేవి గేటు బందులూ వంకర మేకులూ. ఆవిడ మళ్ళీ వచ్చేది ఇవాళ మధ్యాహ్నమే.

కెమిస్ట్రీ చదువుకుని, ఈ ఇంటికొచ్చి ఇంకా కొత్త తీరని కోడలికి కాలేజీ లాబులో చూసిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. కొన్ని రకాల మందులు ఆసిడ్‌లో వేస్తే అవి వెళ్ళి ఇనుము ఒంటిని పల్చటి పొరలా కప్పేస్తాయి. ఆసిడ్ తుప్పుని తినేసి ఇనుము దాకా వచ్చేసరికి ఆ పొర అడ్డుపడుతుంది. మందు గడువు దాటిందా లేదా అన్న పట్టింపు ఇనుముకి లేదు. కట్టుకున్నవాడికేమో మందుల షాపు. షాపు వెనక అరలో, కంపెనీ వెనక్కి తీసుకోనని మొండికేసిన యాంటీబయాటిక్ కాప్స్యూల్స్ పెట్టె నిండా ఉన్నాయి. ఇంకేం కావాలి?

నిన్న సాయంత్రం మొగుడూ పెళ్ళామూ నేల మీద చాప వేసుకుని, ఎదురెదురుగా కూర్చుని ఒక్కో కాప్స్యూల్‌ని మెలితిప్పి విప్పారు. తెల్లటి పొడి గిన్నెలోకి, ఎర్రటోపీలు ఒక పక్కకి, పసుప్పచ్చ టోపీలు ఇంకో పక్కకి. కొత్త దంపతులు ఎక్కడెక్కడికో షికార్లు వెళ్తారు. వీళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు. అయినా అతను రెండు వేళ్ళకి రెండు ఎర్రటోపీలు తొడిగి ఆమె మోకాలి మీద నడిపించినప్పుడు, ఏ షికారులోనూ ఇంత సుఖం ఉండదనిపించింది ఆమెకి. అత్తగారు అటుగా వచ్చి, కాసేపు చూసి, "జరగండి, బఠాణీలు ఒలిచినట్టుంది, బాగుంది" అని తనూ కూర్చుంది. మామగారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయన లెక్కలో ఆసిడ్‌లో ఆసిడూ నీళ్ళూ తప్ప ఇంకేమీ ఉండకూడదు. పొద్దున ఆయన బయటికెళ్ళగానే పొడి చిన్న తొట్టిలో కలిపేశారు. గొలుసులు దించేశారు.

ఇదీ సంగతి. ఇక మామగారిని లేపుదాం.

ఆయన మెల్లగా నడుం నిలబెట్టారు. మొహంలో రంగు లేదు.

"పోయింది" అన్నారు.

"ఏం పోయింది మామయ్యగారూ?" అంది కోడలు, తెలిసే.

"ఆసిడ్ చచ్చిపోయింది. చప్పుడు లేదు."

ఆ మాట అర్థం కావాలంటే ఆయన పనితనం తెలియాలి. ఈ షెడ్డులో ఆసిడ్‌ని కళ్ళతో ఎవరూ చూడరు, చెవితో చూస్తారు. ఇనుము దించగానే ఆసిడ్ బుసలు కొడుతుంది. ఆ బుసలో మామగారికి అన్నీ వినిపిస్తాయి. "ఇవాళ మంచి ఆకలి మీదుంది" అంటారు. "అలిసిపోయింది, కాస్త కొత్తది పొయ్యండి" అంటారు. "పాడుతోంది, పాడనివ్వండి" అని పక్కనే డ్రమ్ము బోర్లించుకుని కూర్చుని కాలు ఊపుతూ వింటారు. పక్కనున్న పెద్ద తొట్టిలో గేటు బందుల మీద మామూలు ఆసిడ్ ఇప్పుడు కూడా బుసబుసమని పాడుతోంది. చిన్న తొట్టి మాత్రం మూగనోము పట్టినట్టుంది.

"గేజమ్మ వచ్చే రోజే చావాలా ఇది!" అంటూ ఆయన గోడవారనున్న కొత్త ఆసిడ్ క్యాన్ దగ్గరికి నడిచారు. "అమ్మాయ్, ఆ గరాటు ఇలా అందుకో."

ఉన్నదానికి పచ్చి ఆసిడ్ తోడైతే పొడి లెక్కంతా తప్పుతుంది. ఎంత పొడి ఎంత బలానికి తట్టుకుంటుందో కోడలికి అంత బాగా తెలియదు కూడా. గరాటు అందుకోలేదు. పరిగెత్తి వెళ్ళి క్యాన్‌కి అడ్డంగా నిలబడింది. చేతులకున్న రబ్బరు తొడుగులు మోచేతుల దాకా ఉన్నాయి. మూతికి కట్టిన మాస్కు గడ్డం కిందికి జారింది. ఏదో సినిమాలో రైలుకి అడ్డం నిలబడ్డదానిలా ఉంది.

"పొయ్యకండి మామయ్యగారూ. అది చావలేదు. మేమే నోరు మూయించాం."

"మేమంటే?"

షెడ్డు గుమ్మంలో అప్పుడే టిఫిన్ క్యారేజీతో అడుగుపెట్టిన భర్త, వచ్చిన దారినే వెనక్కి తిరగబోయాడు.

"ఒరేయ్, ఆగు" అన్నారు మామగారు, అటు చూడకుండానే. ఆయన చెవి అలాంటిది. "ఏం వేశారు నా తొట్టిలో?"

"గొంతునొప్పికి ఇచ్చే కాప్స్యూల్స్ నాన్నా" అన్నాడు అతను క్యారేజీని గుండెకి హత్తుకుని. "గడువు తీరినవే. కొత్తవి కాదు."

మామగారు కొడుకుని చూశారు. కోడల్ని చూశారు. తొట్టిని చూశారు.

"గొంతునొప్పికి మందేస్తే గొంతు బాగుపడాలి గదరా! దీనికి ఉన్న గొంతు కూడా పోయిందేం?"

కోడలికి నవ్వు పొంగుకొచ్చింది. నవ్వితే కొంప మునుగుతుందని పెదవి కొరుక్కుంది. ఈ ఇంట్లో ఆమెకి ఇదే పెద్ద కష్టం. అందరూ కోపంలోనే ఎక్కువ నవ్విస్తారు.

"మామయ్యగారూ, ఒక్క మాట చెప్పనా? తుప్పు కరిగేటప్పుడు చప్పుడు రాదు. అది గుట్టుగా వదిలిపోతుంది. మీకు బుసబుసమని వినిపిస్తుందే, అది..." ఆమె ఆగింది. చెప్పాల్సిన మాట ఎంత బరువో అప్పుడు తెలిసింది. కానీ మొదలుపెట్టేసింది. "అది ఆసిడ్ మంచి ఇనుముని తింటున్న చప్పుడు. ఇనుము కరిగితేనే గాలి బుడగలొస్తాయి. ఆ బుడగలే బుస."

షెడ్డులో పెద్ద తొట్టి పాట ఒక్కటే వినిపించింది. ఆయనా అటే విన్నారు. చాలాసేపు.

"అంటే," అన్నారు చివరికి, "ఇన్నేళ్ళూ నేను కాలు ఊపుకుంటూ విన్నది ఇనుము అరుపులా?"

కోడలికి నవ్వు ఎటుపోయిందో పోయింది.

"ఏమండీ, మరీ అంత ఇదైపోకండి" అంటూ అత్తగారు లోపలికొచ్చింది. పెరట్లో గొలుసులు కడగడానికి నీళ్ళు పడుతోంది కాబోలు, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఉంది. "నేను పెళ్ళైన దగ్గర్నుంచీ మీ గురక వింటూ హాయిగా నిద్రపోవట్లా? అది మీ ముక్కు పడే కష్టమని డాక్టరు చెప్పాక కూడా నాకు అది లేకపోతే నిద్ర రాదు. వినేవాళ్ళ తప్పేముంది ఇందులో?"

"నా గురకకీ దీనికీ సంబంధం ఏమిటే?"

"అదీ నిజమే. మీ గురక వల్ల ఏ గొలుసూ సన్నబడలేదు."

ఇంకో రోజైతే ఆయన నవ్వేవారే. ఇవాళ నవ్వలేదు. గోడకి వేలాడుతున్న పాత గొలుసు ఒకటి తీసి, రంపంతో రెండు లింకులు కోశారు. రెండూ ఒకే గొలుసువి. ఒకే తుప్పు, ఒకే లావు. వాటికి తీగలు కట్టి, ఒకటి పాడే తొట్టిలోకి, ఒకటి మూగ తొట్టిలోకి వేలాడదీశారు.

"మాటలొద్దు. ఇనుమే చెబుతుంది" అన్నారు. "పోయినసారి ఎంతసేపు వదిలేశానో అంతసేపూ ఉంచుతా."

చెప్పి, బయటికెళ్ళి, చెట్టూ నీడా లేని గోడ పక్కన డ్రమ్ము మీద కూర్చున్నారు. ఈసారి కాలు ఊపలేదు.

గొలుసులు తేరిపోయాయి. కోడలూ భర్తా వాటిని చిన్న తొట్టిలోంచి కొక్కేలతో తీసి నీళ్ళలో ముంచి లేపారు. బూడిదరంగులో, కొత్తగా తలంటుకున్నట్టు నిగనిగలాడుతున్నాయి. "చూశావా, ఎంత ముద్దొస్తున్నాయో" అన్నాడు అతను గొలుసుల్ని చూడకుండా ఆమెని చూస్తూ. "అత్తయ్య ఉన్నారు" అంది ఆమె గొణుగుతూ. "నాకేం వినపడలేదు, ఈ ఇంట్లో చెవులున్నది ఆయనకే" అంది అత్తగారు.

కానీ కోడలి మనసు గోడ పక్కనే ఉంది. చేతి తొడుగులు విప్పి, ఇంకో డ్రమ్ము దొర్లించుకుంటూ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"కోపమొచ్చిందా మామయ్యగారూ?"

"కోపం కాదమ్మాయ్." ఆయన అరచేతుల్ని చూసుకున్నారు. "గొలుసులు బాగుపడితే నాకు సంతోషమే. కానీ తొట్టి మాట్లాడకపోతే, నాకిక్కడ పనేముంది? దించడం మీ ఆయన దించగలడు. కడగడం మీ అత్తయ్య కడుగుతుంది. కలపడం నువ్వు కలుపుతావు. నాకొచ్చింది వినడమే. వినడానికి అక్కడ ఏమీ లేకుండా చేశావు."

ఈ మాట ఆమె ఏ లాబులోనూ ఆలోచించలేదు. లాబులో తొట్టి పక్కన ఎవరి మామగారూ కూర్చోరు. ఏదో ఒకటి చెప్పి బుజ్జగించొచ్చు. కానీ బుజ్జగింపు ఆయన చెవికి తెలిసిపోతుంది.

"నాకు తెలీదు మామయ్యగారూ" అంది. "అది నేను ఆలోచించలేదు."

లోపల నుంచి పెద్ద తొట్టి బుస వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆయన తల తిప్పారు.

"మీరు వేసిన మందుందే, అది ఎప్పటికీ అలాగే ఉంటుందా?"

"ఉండదు. వాడేకొద్దీ ఇనుముకి అంటుకుని పోతూ ఉంటుంది కదా. తగ్గిపోతుంది."

"తగ్గిపోతే?"

"మళ్ళీ ఇనుముని తినడం మొదలుపెడుతుంది."

"మొదలుపెట్టిందని నీకెలా తెలుస్తుంది? పైకి కనపడుతుందా?"

"మొదట్లో ఏమీ కనపడదు. సన్నగా ఒకటో రెండో బుడగలు..." అని ఆమె నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

మామగారు అప్పటికే లేచి నిలబడ్డారు.

"ఆ ఒకటో రెండో బుడగలు వినేదెవరమ్మా?"

"మీరే! మీరు కాక ఇంకెవరు వింటారు?"

"బుసలు కొట్టేదాన్ని వినడానికి చెవెందుకు, ఎవడైనా వింటాడు" అన్నారాయన షెడ్డులోకి నడుస్తూ. నడకలో ఊపొచ్చేసింది. "నోరు మూసుకున్నది ఎప్పుడు నోరు తెరుస్తుందో కనిపెట్టడం, అదీ పని!"

లింకులు రెండూ పైకి తీశారు. కడిగారు. తుప్పు రెండిటికీ లేదు. గేజు మేడం పోయిన విడత తన గేజుతో చేసి చూపించిన పరీక్ష మామగారు మర్చిపోలేదు. అలాంటి గాడి ఉన్న రేకు ముక్క ఒకటి చేయించి పెట్టుకున్నారు. లింకు ఆ గాడిలో దూరకూడదు. దూరిందంటే సన్నబడినట్టే.

పాడే తొట్టిలోది గాడిలోంచి జారి ఆయన చెప్పు మీద పడింది.

మూగ తొట్టిలోది దూరలేదు. తిప్పి పెట్టి చూశారు. దూరలేదు. కాస్త బలంగా నొక్కారు. దూరలేదు. చివరికి కొడుకు చేతికిచ్చి, "నువ్వు నొక్కరా, వయసులో ఉన్నావు" అన్నారు. అతను నొక్కి, వేలు నొప్పెట్టి, విదిలించుకున్నాడు.

అత్తగారు కోడలి బుగ్గ మీద తడి చేత్తో ఒకసారి తట్టి, మళ్ళీ నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తడి ఆరిపోకుండా ఉంటే బాగుండుననిపించింది కోడలికి.

గేజు మేడం చెప్పిన వేళ కన్నా ముందే వచ్చింది. సన్నటి మనిషి. మెడలో తాడుకి గేజు వేలాడేసుకుని, గుమ్మంలోనే "ఎక్కడ?" అని అడిగే రకం. పూత పడ్డాక అయితే సన్నదనం పూత కింద దాక్కుంటుందని, జింకులో ముంచకముందే కొలవడం ఆవిడ పద్ధతి. గొలుసులు బల్ల మీద పరిపించి ఒక్కో లింకూ గాడిలో పెట్టి చూసింది. గేజు గొలుసు చివరిదాకా నడిచింది. ఇంకో గొలుసు. ఇంకోటి. ఒక్క లింకు కూడా దూరలేదు.

ఆవిడ తలెత్తింది. "పోయినసారి చేసింది మీరేనా?"

"మేమే" అన్నారు మామగారు.

"ఆసిడ్ మార్చారా?"

"అదే ఆసిడ్. దానికి కాస్త మర్యాద నేర్పాం."

ఆవిడ నవ్వదని అందరూ అనుకునేవారు. నవ్వింది. పై వరస పళ్ళలో ఒకటి కాస్త వంకరగా, చాలా అందంగా ఉందని కోడలు గమనించింది. "జింకు వేయించండి. పూత కూడా చూసుకునే వెళ్తాను. సరిగ్గా ఉంటే పార్కుల పని మీదే" అంది ఆవిడ.

గొలుసుల బుట్టని తోపుడు బండి మీద పక్క షెడ్డుకి పంపారు. అత్తగారు టీ పెట్టింది. గేజు మేడం డ్రమ్ము మీద కూర్చుని, టీలో బిస్కెట్టు ముంచుకుని, "ఇక్కడ ఏదో ప్రశాంతంగా ఉందండీ" అంది. మామగారు గర్వంగా మూగ తొట్టి వైపు చూశారు. భర్త బల్ల కింద నుంచి కోడలి చిటికెన వేలు పట్టుకున్నాడు. ఆమె వదిలించుకోలేదు.

అప్పుడే పక్క షెడ్డు జింకు మేస్త్రీ వచ్చాడు. చుట్టరికం లేకపోయినా మామగారిని బావా అనే పిలుస్తాడు. మనిషి నల్లగా మసి కొట్టుకుపోయి, పట్టకారుతో ఒక గొలుసు పట్టుకుని, గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"ఏంటి బావా ఇది? ఇన్నాళ్ళ నీ సరుకులో ఇలాంటిది చూళ్ళేదు. జింకులో ముంచితే నూనె రాసుకున్నట్టు జారిపోతోంది. చూడు!"

అందరూ చూశారు. గొలుసు మీద అక్కడక్కడా వెండి మచ్చలు. మిగతాదంతా బూడిదరంగు ఇనుము, బట్టతలలా.

కోడలికి క్షణంలో అర్థమైంది. ఆసిడ్‌ని దగ్గరికి రానివ్వని ఆ పొర ఇంకా గొలుసుని కౌగిలించుకునే ఉంది. మామూలు నీళ్ళకి వదల్లేదు. జింకుని కూడా దగ్గరికి రానివ్వడం లేదు. దానికి శత్రువెవరో చుట్టమెవరో తెలీదు. గేజు మేడం బిస్కెట్టు టీలో విరిగి పడిపోయింది. ఆవిడ పట్టించుకోలేదు.

"దీనిలో ఏదో కలిపారు" అన్నాడు మేస్త్రీ. "ఎవరు కలిపారు?"

కోడలు నోరు తెరిచింది. "అది..."

"నేనే కలిపాను" అన్నారు మామగారు.

ఆయన గొంతు పెద్దది కాదు. అయినా పెద్ద తొట్టి బుసని దాటి వినిపించింది. ఆమె ఆయన వైపు తిరిగింది. ఆయన చూడలేదు. గేజు మేడం కళ్ళలోకి తిన్నగా చూస్తున్నారు.

గేజు మేడం టీ గ్లాసు కింద పెట్టి లేచింది. గొలుసు పట్టుకుని, మచ్చలని గోటితో గీకి చూసింది. "లావు సరిగ్గా ఉంది. అది నేనే కొలిచాను, కాదనను. కానీ పూత లేని గొలుసు మొదటి వానకే తుప్పు పడుతుంది. కలిపింది మీరైతే తీయాల్సింది కూడా మీరే. షెడ్డు మూసేవేళకి వస్తాను. అప్పటికి జింకు పట్టి ఉండాలి."

"పడుతుంది" అన్నారు మామగారు నవ్వుతూ, రొమ్ము విరుచుకుని.

ఆవిడ గుమ్మం దాటింది. మేస్త్రీ గొలుసు బల్ల మీద పడేసి వెనకే వెళ్ళాడు. మామగారు నవ్వు మొహం అలాగే పెట్టుకుని, పెదవులు కదపకుండా, కోడలి వైపు కాస్త వంగి అడిగారు.

"అమ్మాయ్, ఎలా తీస్తాం?"